తెలుగు చదువుతుండగా తెలియని మాట ఎదురైతే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు కథలు, నవలలు, పాత వ్యాసాలు, ఇంట్లో దాచిన కాగితాలు చదివేవారు మధ్యలో ఒక తెలియని మాట దగ్గర ఆగిపోయినప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. పెద్దలతోనూ పిల్లలతోనూ కలిసి కూర్చుని ఎన్నో ఏళ్ళు పుస్తకాలు చదివిన అనుభవం ఈ జవాబుల వెనుక ఉంది. ఉదాహరణ వాక్యాలు ఈ పుట కోసమే రాసుకున్నవి.

తెలియని మాట కనిపించిన వెంటనే నిఘంటువు తీయాలా, లేక అలాగే ముందుకు చదవాలా?

ముందు ఆ వాక్యాన్ని పూర్తి చేయండి. తర్వాతి రెండు వాక్యాలు కూడా చదవండి. అప్పటికీ విషయం అందకపోతే నిఘంటువు తీయండి. నిఘంటువు ఒక్కొక్క మాటకు నాలుగైదు అర్థాలు ఇస్తుంది. వాటిలో ఇక్కడ ఏది కుదురుతుందో తేల్చవలసింది మళ్ళీ ఆ వాక్యమే. మనసులో ఒక ఊహ ఏర్పరచుకుని నిఘంటువు తెరిచినవారు సరైన అర్థాన్ని చప్పున పట్టుకుంటారు. ఏ ఊహా లేకుండా తెరిచినవారు మొదట కనిపించిన అర్థాన్నే తీసుకుని వాక్యాన్ని దానికి తగ్గట్టు వంచుతారు, అక్కడి నుంచి పేరా అంతా పక్కదారి పడుతుంది.

అసలు ప్రతి మాటకూ పూర్తి అర్థం అవసరం ఉండదు. పెళ్ళికూతురు కంటె, కాసులపేరు, వంకీలు పెట్టుకుని పీటల మీద కూర్చుందని చదివినప్పుడు అవి నగలని తెలిస్తే కథకు చాలు. కంటె మెడకు పెట్టుకునేదా చేతికి పెట్టుకునేదా అన్నది తీరిక ఉన్నప్పుడు తెలుసుకోవచ్చు. అయితే అదే కంటె ఆ రాత్రి దొంగతనానికి గురై, కథంతా దాని చుట్టూ తిరుగుతుంటే, వెనక్కి వచ్చి తప్పకుండా కనుక్కోవాలి.

‘సందర్భాన్ని బట్టి అర్థం చేసుకో’ అంటారు. సందర్భం అంటే సరిగ్గా ఎక్కడ చూడాలి?

ఒక చిన్న భాగాన్ని తీసుకుని నెమ్మదిగా చూద్దాం.

‘నాలుగు రోజులు తెరిపి లేకుండా ముసురు పట్టడంతో ఊరి చెరువు నిండి, అయిదోనాడు తెల్లవారేసరికి మత్తడి దుంకింది. ఆ చప్పుడు వినగానే పిల్లలంతా కట్ట మీదికి ఉరికారు. పెద్దలు మాత్రం మత్తడి కింది పొలాలు ఏమవుతాయోనని దిగులుపడ్డారు.’

తెలంగాణ పల్లెలతో పరిచయం లేని పాఠకుడికి ఇక్కడ ‘మత్తడి’ కొత్త మాట. మొదటి వాక్యంలో అది ‘దుంకింది’ అనే క్రియకు కర్తగా ఉంది. దుంకడం అంటే దూకడం కాబట్టి మత్తడి ఏదో జంతువు కావచ్చునని తోస్తుంది. ఆ ఊహను అలాగే పట్టుకుని మూడో వాక్యానికి వస్తే ‘మత్తడి కింది పొలాలు’ అన్న చోట అది నిలవదు. జంతువు కింద పొలాలు ఉండవు. కాబట్టి మత్తడి ఒక చోటు అయి ఉండాలి, అది పొలాల కంటే ఎత్తులో ఉండాలి. ఇప్పుడు మళ్ళీ మొదటికి వెళ్ళండి. చెరువు నిండిన తర్వాతే అది దుంకింది, దుంకినప్పుడు దూరానికి వినిపించేంత చప్పుడైంది, పిల్లలకు అది వేడుకైతే కింద పొలాలు ఉన్నవారికి భయమైంది. ఈ నాలుగు ఆధారాలనూ కలిపితే, చెరువు నిండాక ఎక్కువైన నీరు పొర్లి బయటికి పోయే చోటును మత్తడి అంటారని తేలుతుంది.

చివరగా పరీక్ష పెట్టాలి. మత్తడి ఉన్న రెండు చోట్లా ‘ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు’ అని పెట్టి చదవండి. రెండో చోట నేరుగా కుదురుతుంది. మొదటి చోట ‘చోటు దుంకింది’ అంటే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ, నీరు దూకడాన్నే ఆ చోటు దూకినట్టు చెప్పడం తెలుగులో మామూలే. చెరువులో నీరు పొంగితే చెరువు పొంగిందనే అంటాం కదా. ఊహను రెండు చోట్ల పెట్టి చూడటమే ఈ పద్ధతికి ప్రాణం. ఒక్క వాక్యానికే సరిపోయిన అర్థాన్ని నేను సగం అర్థంగానే లెక్కిస్తాను.

మాట నిఘంటువులో దొరకడం లేదు. సందర్భం కూడా సాయపడటం లేదు. అప్పుడేం చేయాలి?

చాలాసార్లు చిక్కు అర్థంలో కాక మాటను విడదీయడంలో ఉంటుంది. తెలుగులో మాటలు ఒకదానితో ఒకటి కలిసేటప్పుడు మొదటి అక్షరం మారిపోతుంది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. ఇవి మనకు అలవాటైన మాటలు కనుక తడబడం. కానీ పాత పద్యంలో ‘పూచెను గలువలు’ అని కనిపిస్తే గలువల కోసం నిఘంటువులో ‘గ’ అక్షరం కింద వెతికి నిరాశ పడేవారు చాలామంది ఉన్నారు. ఉన్నది కలువలే. కాబట్టి తెలియని మాట గ, స, డ, ద, వ అక్షరాలతో మొదలైతే, వాటి స్థానంలో వరుసగా క, చ, ట, త, ప పెట్టి ఒకసారి చూడండి. పద్యభాగంలో స స్థానంలో జ, వ స్థానంలో బ కూడా కనిపిస్తాయి. వాటికీ ఇదే మందు. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి, సరళాదేశ సంధి అని పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రాలు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. ఆ సంగతి అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే ఆ పాఠాలను మరింత ఇష్టంగా నేర్చుకునేవాళ్ళం.

మాట చివరి వైపూ అంతే. ‘తొలగదోయబడినవారిలో’ అనేది చూడగానే కొండలా కనిపిస్తుంది. వెనుక నుంచి విప్పుకుంటూ రండి: ‘లో’ విభక్తి, ‘వారి’ మనుషులను చెప్పేది, ‘బడిన’ ఆ పని వారికి జరిగిందని చెప్పేది. మిగిలింది ‘తొలగదోయ’. ద స్థానంలో త పెడితే తొలగ, తోయ. పక్కకు తోసివేయబడిన వారిలో అని అర్థం. నిఘంటువు అవసరమే రాలేదు. మాటను ముందు సరిగా విప్పి, ఆ తర్వాతే వాక్యాన్ని అడగాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి సందర్భమూ సాయం చేయలేదు.

జంటపదాలలో ఒక సగం తెలిసి మరొక సగం తెలియకపోతే?

అది తెలుగు పాఠకుడికి దొరికే మంచి ఆధారాలలో ఒకటి. ‘ఏరు పొంగి ఊరు ముంపుకు గురయ్యేసరికి జనం గొడ్డూ గోదా తోలుకుని మెరక ప్రాంతానికి చేరారు’ అన్న వాక్యంలో గొడ్డు తెలిస్తే గోదా కూడా పశువుల కోవలోనిదేనని ఊహించవచ్చు, తోలుకుని అనే క్రియ దాన్ని బలపరుస్తుంది. అదే వాక్యంలో మెరక తెలియకపోయినా, ముంపు నుంచి తప్పించుకునేందుకు వెళ్ళిన చోటు కనుక ఎత్తైన నేల అయి ఉండాలి. డబ్బూ దస్కం, నగా నట్రా, పురుగూ పుట్రా ఇవన్నీ ఇలాంటివే. అయితే రెండో సగానికి విడిగా అర్థం ఉండి తీరాలని పట్టుబట్టకండి. చెట్టూ చేమా అన్నప్పుడు చేమ మొక్కల గుంపును మాత్రమే సూచిస్తుంది. విడిగా చూస్తే అది చేమదుంపలు ఇచ్చే మొక్క పేరు.

కొన్ని జంటలు వ్యతిరేకార్థాలతో ఏర్పడతాయి. మిట్టపల్లాలు అన్నప్పుడు పల్లం తెలిసినవారికి మిట్ట దానంతట అదే తెలుస్తుంది. వాక్యాల మధ్య కూడా ఇలాంటి ఎదురుబొదురు ఉంటుంది. కానీ, మాత్రం, బదులు, అయినప్పటికీ అనేవి కనిపిస్తే తర్వాత వచ్చేది ముందున్న దానికి వేరుగా ఉంటుందని గ్రహించాలి. ‘పెద్దవాడు అడిగినవారికి లేదనకుండా పెట్టేవాడు, చిన్నవాడు మాత్రం పరమ లోభి’ అంటే లోభి అర్థం మొదటి సగంలోనే ఉంది. ‘సరికదా’ మరికొంత ముందుకు వెళుతుంది. ‘సాయం చేయలేదు సరికదా, నలుగురిలో ఎకసెక్కెం చేశాడు’ అన్నప్పుడు ఎకసెక్కెం సాయం చేయకపోవడం కంటే కూడా చెడ్డపని అని, నలుగురి ముందు చేస్తే బాధ కలిగించేదని తెలుస్తుంది. ఎగతాళి అని ఊహించినవారు తప్పుపోలేదు.

మాట ముందున్న ఉపసర్గను, మూలాన్ని చూసి అర్థం చెప్పవచ్చా?

కొంతవరకే. ‘నిర్’, ‘దుర్’ వంటి ఉపసర్గలు, లేదు కాదు అని చెప్పే ‘అ’ తెలిస్తే సంస్కృతం నుంచి వచ్చిన మాటలు చాలావరకు లొంగుతాయి. సంస్కృత వ్యాకరణం ఉపసర్గలను 22గా లెక్కిస్తుంది, వాటిలో తెలుగు వాడుకలో తరచుగా కనిపించే పది పన్నెండింటిని గుర్తు పెట్టుకోవడం కష్టం కాదు. కానీ ఉపసర్గ మూలార్థాన్ని ఎక్కడికో లాక్కుపోగలదని పాత వ్యాకరణవేత్తలే హెచ్చరించారు. వారు ఇచ్చిన ఉదాహరణే ఇప్పటికీ అన్నిటికంటే చక్కనిది: ఒకే మూలం నుంచి పుట్టిన ఆహారం తినేది, విహారం తిరగడం, సంహారం చంపడం, పరిహారం నష్టానికి బదులుగా ఇచ్చేది. భాగాలను కూడినంత మాత్రాన ఈ నాలుగింటి అర్థాలూ ఎవరికీ అందవు.

అమూల్యం అంటే విలువ లేనిది అనుకున్న విద్యార్థులను చూశాను. ‘అ’ అంటే లేనిది, మూల్యం అంటే విలువ, కాబట్టి వారి తర్కంలో దోషం లేదు. వెల కట్టడానికి వీలులేనంత గొప్పది అనే అసలు అర్థం, ‘మీ అమూల్యమైన సలహాకు కృతజ్ఞతలు’ వంటి వాక్యం నుంచి మాత్రమే తెలుస్తుంది. సంస్కృతం బాగా వచ్చినవారు కూడా మరో రకంగా పొరబడవచ్చు. సంస్కృతంలో అభ్యంతరం అంటే లోపలి భాగం, తెలుగులో ఆక్షేపణ. కాబట్టి మాట నిర్మాణం చెప్పేదాన్ని సూచనగా తీసుకుని, వాక్యం చెప్పేదాన్ని తీర్పుగా తీసుకోవడం మంచిది.

మాట నాకు తెలిసినదే, కానీ ఈ వాక్యంలో అర్థం కుదరడం లేదు. ఎందుకు?

తెలియని మాట కంటే ఇది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే తెలుసుననుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు. ఒకటి, కాలంతో పాటు అర్థం మారి ఉండవచ్చు. పాత కావ్యాలలో కంపు అంటే మంచి వాసన కూడా, చీర అంటే వస్త్రం. మహాభారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరూ కొలువుకు దరఖాస్తు పెట్టరు. అక్కడ ఉద్యోగం అంటే యుద్ధానికి చేసే ప్రయత్నం, సన్నాహం. పువ్వుల కంపు గురించి కవి మురిసిపోతున్నాడంటే, మనకు తెలిసిన అర్థాన్ని పక్కన పెట్టమని ఆ వాక్యమే చెబుతోంది.

రెండు, ఒకే రూపంలో వేర్వేరు మాటలు ఉండవచ్చు. ‘అలుగు’ను చూడండి. కోపంతో మాట్లాడకుండా ఉండటం అలగడం. చెరువు నీరు పొర్లే చోటు అలుగు. ఒంటి నిండా పొలుసులతో, భయపడితే ఉండలా చుట్టుకుపోయే అడవి జంతువూ అలుగే. పాత కావ్యాలలో బాణం మొనకు కూడా అదే పేరు. అలుగు పారింది అంటే నీరు, అలుగును పట్టుకున్న వేటగాళ్ళు అంటే జంతువు, అల్లుడు అలిగాడు అంటే చెప్పనక్కరలేదు. పక్కన ఉన్న క్రియ ఒక్కటే ఇక్కడ దారి చూపుతుంది.

నాది కోస్తా ప్రాంతం. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచనలు చదివేటప్పుడు పేజీకి పది మాటలు ఆపుతున్నాయి. ఏదైనా మార్గం ఉందా?

ఉంది, మొదటి ఇరవై పేజీలు ఓపిక పట్టాలి. ఒక ప్రాంతపు రచయిత వాడే కొత్త మాటల సంఖ్య మొదట్లో అనిపించినంత పెద్దది కాదు. అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, ప్రతిసారీ కొత్త ఆధారాన్ని తెస్తాయి. మొదటిసారి కనిపించినప్పుడు పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి వదిలేయండి, మూడోసారికి చాలావరకు అర్థమై ఉంటుంది.

రెండో మార్గం ధ్వని మార్పులను గమనించడం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ‘వే’తో మొదలయ్యే కొన్ని మాటలు ‘యా’తో వినిపిస్తాయి: వేప యాప అవుతుంది, వేళ యాళ అవుతుంది. ఒకటి పట్టుకుంటే మిగతావి వరుసగా తెలుస్తాయి. వీటిని కొత్త మాటలుగా నేర్చుకోనక్కరలేదు, తెలిసిన మాటలనే మరో గొంతులో వింటున్నామనుకుంటే చాలు. నోటితో పైకి చదివితే ఇంకా త్వరగా తెలుస్తుంది.

నిజంగా వేరైన మాటలు కొన్ని ఉంటాయి. తెలంగాణలో దారిని తొవ్వ అంటారు, జ్ఞాపకాన్ని యాది అంటారు. రాయలసీమలో నాగలికి మడక అని పేరు. ఉత్తరాంధ్ర కథలలో బుగత భూస్వామి, ఆయన దగ్గర ఏడాది పొడవునా పనిచేసే పాలేరు కంబారి. ఇలాంటి జంట ఒకే కథలో వస్తే, ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, ఎవరు నిలబడి ఉన్నారు, ఎవరు అరుగు మీద కూర్చున్నారు అన్నది చూడండి. మర్యాద వాచకాలు, నువ్వు అనడం, తమరు అనడం, చెప్పులు చేతిలో పట్టుకోవడం వంటి వివరాలు ఇద్దరి స్థానాలనూ చెప్పేస్తాయి.

ఇంతకు ముందు చెప్పిన మత్తడినే రాయలసీమలో మరవ అని, నెల్లూరు వైపు కలుజు అని అంటారు. అలుగు అనే మాట చాలాచోట్ల వినబడుతుంది. చెరువు కట్ట, తూము, నిండిన నీరు, కింద పొలాలు అనే చుట్టుపక్కల సంగతులు మారవు కనుక, ఒక ప్రాంతంలో ఈ దృశ్యాన్ని అర్థం చేసుకున్నవారు మరో ప్రాంతంలో కొత్త పేరు విన్నా తడుముకోరు.

సందర్భం ఎప్పుడైనా మోసం చేస్తుందా?

చేస్తుంది. ఇది దాచవలసిన విషయం కాదు. 1983లో బెక్, మెకోన్, మెక్‌కాస్లిన్ అనే పరిశోధకులు సందర్భాలన్నీ సమానం కావని చూపిస్తూ వాటిని నాలుగు రకాలుగా విభజించారు: అర్థాన్ని తప్పుదోవ పట్టించేవి, ఏ దారీ చూపనివి, స్థూలంగా సూచించేవి, కచ్చితంగా చూపించేవి. వారు చూసింది ఇంగ్లీషు పాఠాలనే అయినా ఆ మాట తెలుగుకూ వర్తిస్తుంది. పాఠ్యపుస్తకం కోసం తయారుచేసిన వాక్యాలు నాలుగో రకానికి చెందుతాయి. రచయిత తన మనుషుల కోసం రాసుకున్న వాక్యాలు అంత కరుణతో ఉండవు.

‘పొద్దస్తమానం ఆసు పోసి పోసి అమ్మకు భుజం పడిపోయింది’ అన్న వాక్యాన్ని ఒకసారి పదిమందితో కలిసి చదివాను. ‘పోసి’ని చూసి కొందరు ఆసు నీళ్ళలాంటిదేదో అనుకున్నారు, ఒకరు పిండి వంట అన్నారు. పోయడం అంటే ద్రవాన్ని పోయడమనే వారి మనసులో ఉంది. తెలుగులో పోయడం అంతకంటే చాలా విశాలమైనది: నారు పోస్తాం, కుప్ప పోస్తాం, ప్రాణం పోస్తాం. ఆసు పోయడం చేనేత పని. పోచంపల్లి వైపు చీరలు నేసే ఇళ్ళలో నూలు పోగును మేకుల వరుస మీదుగా అటూ ఇటూ వేలసార్లు చేత్తో తిప్పుతూ సిద్ధం చేస్తారు, ఆ పని ఎక్కువగా ఆడవారే చేస్తూ వచ్చారు. తన తల్లి పడే ఆ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని కనిపెట్టి దానికి తల్లి పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రమని పిలిచారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ నేపథ్యం తెలియని పాఠకుడికి పై వాక్యం ఒక్కటే ఎన్నటికీ అర్థం చెప్పదు. మహా అయితే, రోజంతా చేసే చేతిపని, భుజానికి శ్రమ కలిగించేది అన్నంతవరకు చెబుతుంది. అంతవరకే తీసుకుని, మిగతాది ఖాళీగా ఉంచుకోవడమే సరైన చదువు. ఖాళీని ఏదో ఒకదానితో నింపేయాలన్న తొందరే మోసపోవడానికి మూలం.

పేజీలో ఎన్ని తెలియని మాటలు ఉంటే ఈ పద్ధతి పనిచేయడం మానేస్తుంది?

ఇంగ్లీషు నేర్చుకునేవారి మీద హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం, కథను ఎవరి సాయమూ లేకుండా బాగా అర్థం చేసుకోవాలంటే దానిలోని మాటలలో సుమారు 98 శాతం ముందే తెలిసి ఉండాలని తేల్చింది. అంటే తెలియనిది 50 మాటలకు ఒకటి. ఈ లెక్కను తెలుగుకు ఉన్నదున్నట్టుగా అన్వయించకూడదు, ఎందుకంటే ‘రాలేకపోతున్నానని’ అనే ఒక్క మాటలో మనం చెప్పేదానికి ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి. అయినా దానిలోని సారం నిజం: ఆధారాలు ఇవ్వవలసిన పక్క మాటలే తెలియనప్పుడు వాటి నుంచి ఏదీ ఊహించలేం. ఒక వాక్యంలో రెండు మూడు తెలియని మాటలు వరుసగా వస్తుంటే ఆ పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి, అదే ప్రాంతం లేదా అదే కాలం గురించి సులువుగా రాసిన మరొకటి చదివి రావడం మేలు.

పాత దస్తావేజులు, మందుల చీటీలు చదవడానికి కూడా ఊహ సరిపోతుందా?

సరిపోదు. కథలో పొరబడితే మరో పేజీలో సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ పొరబడితే పొలం పోతుంది, ఆరోగ్యం పోతుంది. ఊహను అడగవలసిన ప్రశ్నను తయారుచేసుకోవడానికి మాత్రమే వాడండి.

మా ఇంట్లో పాత దస్తావేజు ఒకటి ఉంది. దానిలో ‘చెక్కుబందీ’ అనే శీర్షిక కింద తూర్పున ఒకరి మెట్ట పొలం, దక్షిణాన పుంత, పడమట కాలువ, ఉత్తరాన మరొకరి పొలం అని రాసి ఉంది. నాలుగు దిక్కుల పేర్లు వరుసగా ఉన్నాయి కాబట్టి చెక్కుబందీ అంటే హద్దులని ఎవరైనా చెప్పగలరు. పుంత దగ్గర సందర్భం సగమే చెబుతుంది. అది ఒక హద్దు అని తెలుస్తుంది కానీ చెట్ల వరుసో, గట్టో, బండ్లు పోయే దారో తెలియదు. అది దారి అని గోదావరి జిల్లాల వారిని అడిగితే చెబుతారు. అదే కాగితంలో 1352 ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) అని ఉండటం చూసి అది ఏడు వందల ఏళ్ళ నాటిదని ఎవరూ అనుకోరు, ఆ అసంభవమే ఒక ఆధారం. ఫసలీకి 590 కలిపితే 1942 వస్తుంది, ఆ ఫసలీ 1942 జూలైలో మొదలైంది.

కానీ అదే దస్తావేజులో ‘దఖలుపరచినాను’ అన్న మాటను నేను చాలాకాలం దాఖలు చేశాననే అర్థంలో చదివాను. ఏదో కచేరీలో కాగితం సమర్పించారని అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. వాక్యం ఎక్కడా అడ్డు చెప్పలేదు. దఖలుపరచడమంటే హక్కును, స్వాధీనాన్ని మరొకరికి అప్పగించడం. ఒక్క దీర్ఘంతో ఆ కాగితం అర్థమే వేరైంది. రాతకోతలు తెలిసిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని చదివినప్పుడే అది బయటపడింది.

మందుల విషయంలో ‘పరగడుపున వేసుకోవాలి’ అన్న మాటను తీసుకోండి. గ స్థానంలో క పెడితే కడుపు కనిపిస్తుంది కాబట్టి భోజనానికి సంబంధించినదని తెలుస్తుంది. ఖాళీ కడుపా నిండు కడుపా అన్నది మాత్రం వాక్యం చెప్పదు. ఖాళీ కడుపుతోనే. తెలియనివారు ఊహించకుండా మందుల దుకాణంలోనో వైద్యుడినో అడగాలి.

పిల్లలకు ఇది ఎలా నేర్పాలి? మా పిల్లలు విదేశంలో పెరుగుతున్నారు.

అర్థం వెంటనే చెప్పేయకండి, అలాగని ప్రతి మాట దగ్గరా ఆపి పరీక్ష పెట్టకండి. పేజీకి ఒక మాట చాలు. ఆ మాట మీద వేలు పెట్టి కప్పి, ‘ఈ ఖాళీలో నీకు తెలిసిన ఏ మాట పెడితే బాగుంటుంది?’ అని అడగండి.

‘అమ్మమ్మ నిచ్చెన వేయించి అటక మీది నుంచి ఇత్తడి బిందెలు దింపించింది’ అన్న వాక్యం ఒక తొమ్మిదేళ్ళ పాప చదివింది. అటక ఆమెకు తెలియదు. కప్పి అడిగితే ‘ఇంటి పైకప్పు’ అంది. ఎందుకన్నావంటే, నిచ్చెన ఉంది, దింపించింది అని ఉంది కదా అంది. అది చాలా మంచి సమాధానం, తప్పని చెప్పకూడదు. తర్వాతి వాక్యం ‘అటక మీద అంతా బూజు పట్టి, దీపం లేకపోతే ఏమీ కనిపించేది కాదు’ అని ఉంది. పైకప్పు మీద ఎండ ఉండాలి కదా అని పాప తనే ఆగి, ఇంటి లోపలే పైన ఉండే గది లాంటిదని మార్చుకుంది. పెద్దవాళ్ళు చేయవలసింది ఆ రెండో వాక్యం వరకు ఓపిక పట్టడమే.

విదేశాల్లో పెరిగే పిల్లలకు ఇంకొక సంగతి ఉంటుంది. వారికి ఇంట్లో మాట్లాడే తెలుగు చెవికి తెలుసు, రాసిన రూపం కంటికి తెలియదు. ‘వెళ్ళుచున్నాడు’ దగ్గర ఆగిపోయిన పిల్లవాడు, దాన్ని గట్టిగా చదివి వింటే ‘వెళ్తున్నాడు’ అని తనే గుర్తుపడతాడు. వారికి మౌనంగా చదవడం కంటే పైకి చదవడమే ఎక్కువ పనికొస్తుంది.

చివరికి ఏ నిఘంటువు చూడాలి? అందులోనూ లేకపోతే?

పాత కావ్యాలకు బహుజనపల్లి సీతారామాచార్యుల 1885 నాటి శబ్దరత్నాకరము మంచి తోడు. పాత వచనం, కచేరీ మాటలు, జనం నోట వినిపించే మాటలు కావాలంటే సి.పి. బ్రౌన్ 1852లో మద్రాసులో ప్రచురించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు చూడండి. ప్రయోగాలతో సహా వివరంగా కావాలంటే పిఠాపురం రాజావారి పోషణలో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఉన్నాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఇలాంటి నిఘంటువులు చాలావాటిని ఒకేసారి వెతకవచ్చు. వృత్తుల మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం సాటిలేనిది. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. ఒకే పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో వాటిలో కనిపిస్తుంది.

వాటిలోనూ దొరకకపోతే ఆ పని చేసే మనిషిని అడగండి. అడిగేటప్పుడు మాటను విడిగా కాక వాక్యాన్ని మొత్తంగా చదివి వినిపించండి. ‘ఆసు అంటే ఏమిటి?’ అంటే నేతపని వారు కూడా ఎక్కడ మొదలుపెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచిస్తారు. భుజం పడిపోయిన అమ్మ గురించిన వాక్యం చదివి వినిపిస్తే, లేచి నిలబడి ఆ చెయ్యి ఎలా తిరుగుతుందో చూపిస్తారు. ఇంటికి వచ్చాక పుస్తకంలో ఆ మాటతో పాటు ఆ వాక్యాన్నీ, మీరు మొదట ఊహించిన అర్థాన్నీ, వారు చెప్పినదాన్నీ, వారి ఊరి పేరునూ రాసి పెట్టుకోండి.